అన్నీలంగడి గాజుల బల్ల

మా చర్చిలో పాటలు పాడే అమ్మాయి ఒకతె మొన్న కడపలో ఏదో పెద్ద మాల్‌లో ఉద్యోగానికి కుదిరింది. చేరబోయే ముందు నా దగ్గరికి వచ్చి, "తాతా, నువ్వు అంగట్లోనే ముసలోడివైపోయినావు గదా, నాకేమన్నా చెప్పు" అంది. ట్రైనింగులో నవ్వమని నేర్పారట. పళ్ళు కనపడేలా నవ్వాలట. నాకు ఒళ్ళు మండింది. మా కాలంలో ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ ముక్కూమొహం తెలియని మనిషిని చూసి పళ్ళికిలిస్తే, ఎందుకు నవ్వావో చెప్పేదాకా కదలనిచ్చేవాళ్ళు కాదు.

ఆ పిల్లకు అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, స్టాకు లెక్కల సంగతి ఇందులో ఉండవు. అవి ఎవరైనా నేర్పుతారు.

అంగడి పుట్టుక

మా ఓనరు సుబ్బయ్య శెట్టి. ఆయన తండ్రి ప్రొద్దుటూరులో తోపుడుబండి మీద రిబ్బన్లు, పిన్నులు, చేతి అద్దాలు అమ్మేవాడు. కొడుకు ఆ బండిని అంగడి చేశాడు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళందరూ బంగారం కోసం, బట్టల కోసం ప్రొద్దుటూరు వస్తారు. ఆ రెండూ కొన్నాక మిగతావన్నీ ఎక్కడ కొంటారు? శెట్టి తెలివంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. గాజులు, ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గ్లాసులు, బొమ్మలు, పలకలు, టార్చిలైట్లు, పెండ్లిలో చదివించే గోడగడియారాలు, అన్నీ ఒకే కప్పు కింద పెట్టాడు.

బోర్డు మీద దేవుడి పేరు ఉండేది. ఆ పేరుతో ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు. అన్నీ దొరుకుతాయి కాబట్టి అది అన్నీలంగడి అయింది. తర్వాత జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి తెరిస్తే వాటికీ అదే పేరు అంటుకుంది.

నా పేరు ఆశీర్వాదం, మిషన్ బడి పంతులు కొడుకును. మా తాతల కాలంలోనే మావాళ్ళు క్రైస్తవంలోకి వచ్చారు. డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. శెట్టి నన్ను నిలబెట్టి అడిగినవి రెండే సంగతులు.

"మీ ఊర్లో మీరు ఎవురి పార్టీ అబ్బా?"

"మాది ఏ పార్టీ కాదు సార్. చర్చి వాళ్ళం."

"మరి ఓట్లెవురికి ఏస్తారు?"

"అది చెప్పం సార్."

శెట్టి కడుపుబ్బా నవ్వాడు. "ఈ జవాబు చాలు. రేప్పొద్దున్నే వచ్చి చేరు" అన్నాడు.

నా డిగ్రీ ఆయన అడగనే లేదు. అప్పట్లో ఒక్కో పల్లె రెండుగా చీలి ఉండేది. తగవు చేను గట్టు దగ్గరో, సర్పంచి ఎన్నిక దగ్గరో మొదలై, మనుషుల దాకా పోయి, చివరికి రెండు పార్టీల జెండాల కిందికి చేరేది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి చూసి "వీడు వాళ్ళ మనిషి" అని ఎవరూ అనుకోకూడదు. నన్ను ఎవరూ లెక్కలో వేసుకోరు కాబట్టి దొరికిన ఉద్యోగం అది. ఇందులో నా గొప్పేమీ లేదు.

బకెట్ల రంగు

మొదట నన్ను పులివెందులకు వేశారు. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం బకెట్లది. ఎన్నికల ముందు లారీలో బకెట్లు దిగాయి. అన్నీ ఒకే రంగు. ఏ రంగో రాయను. రాస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. బయట గోడకు ఆనించి గోపురంలా పేర్పించాను. చూడముచ్చటగా ఉంది. కాఫీ తాగి వచ్చేలోగా ఒక పెద్దమనిషి దాని ముందు నిలబడి ఉన్నాడు.

"ఏంది ఆశీర్వాదం, నువ్వు గూడా ప్రచారం మొదలుపెట్టినావే?"

"అయ్యో మామా, బకెట్లు మామా అవి!"

"నాకు కండ్లు కనపడతాండాయిలే. ఎవురి బకెట్లు అని అడుగుతాండా."

నేను ఆదరాబాదరాగా వాటిని లోపలికి మోయిస్తుంటే రెండో పక్షం వాళ్ళు వచ్చి, "ఏమిటికి తీస్తాండావు? ఎవురు తీయమన్యారు?" అని పట్టుకున్నారు. పెడితే ఒకరికి కోపం, తీస్తే ఇంకొకరికి కోపం. శెట్టికి ఫోన్ చేస్తే, "ఎలచ్చన్లు అయ్యేదాకా తెల్ల బకెట్లే పెట్టు నాయనా. మురికైతే తుడ్చుకుందాం" అన్నాడు. ఆ ఎన్నికల్లో మేము బకెట్లు అమ్మింది తక్కువ, తుడిచింది ఎక్కువ.

ఇప్పటి పిల్లలు దీన్ని నవ్వులాటగా వింటారు. వినండి, తప్పులేదు. ఆ పూట నాకు మాత్రం నవ్వు రాలేదు.

లోపల ఎవరున్నారు

తర్వాత జమ్మలమడుగు అంగడికి మేనేజరుగా పంపారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది అక్కడే. ఆ అంగడికి ఒకటే వాకిలి. మేనేజరుగా నా అసలు పని సరుకు చూసుకోవడం కాదు. ఏ పొద్దు ఏ పల్లె ఆడవాళ్ళు లోపల ఉన్నారు, వాళ్ళ జీపు ఎక్కడ నిలిచింది, ఇంకో జీపు వీధి మలుపు తిరుగుతోందా అని చూసుకోవడం.

ఎవరూ చెప్పకుండానే రోజులు ఏర్పడ్డాయి. ఒక పక్షం ఆడవాళ్ళు గురువారం, రెండో పక్షం వాళ్ళు శనివారం. మొగవాళ్ళు జీపు దగ్గరో ఎదురుగా టీకొట్టు దగ్గరో నిలబడేవాళ్ళు. గాజుల బల్ల దాకా రావడం మర్యాద కాదని వాళ్ళకూ తెలుసు. రోజు తప్పి ఎవరైనా వస్తే నేను వాకిట్లోకి ఎదురుపోయి, "ఈ పొద్దు సరుకు దిగలేదమ్మా, రేపు రాండి" అనేవాణ్ణి. నా వెనక అరల నిండా సరుకు కనపడుతూనే ఉండేది. అయినా ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లోనే శెట్టి బెంగళూరు పోయి, అక్కడ పెద్ద అంగట్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఒకే రకం చీర చూసి, ముచ్చటపడి, వంకాయ రంగు చీరల మూట పట్టుకొచ్చాడు. మావాళ్ళు గొణిగారు. గాజుల బల్ల పెద్ద ఖాసింబీ అయితే, "మేమేమన్నా బడి పిల్లోళ్ళమా శెట్టీ?" అని మొహం మీదే అడిగేసింది. తల్లి దగ్గర పసిపిల్లగా ఉన్నప్పటి నుంచీ గాజులు తొడిగిన మనిషి ఆమె. శెట్టికి కూడా భయపడేది కాదు.

ఆ చీరలు వచ్చాక నేనొక వింత గమనించాను. మా బల్ల దగ్గర గంటసేపు కూర్చుని గాజులు తొడిగించుకున్న ఆడమనిషి, బస్టాండులో అదే ఖాసింబీ మామూలు చీరలో ఎదురొస్తే గుర్తుపట్టకుండా పోయేది. మా అంగట్లో జనం చీరను చూసేవాళ్ళు, మనిషిని కాదు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను ఈ మాట చెప్పేవాణ్ణి: "కౌంటరు వెనక ఉన్న మనిషి మొహం ఎవరూ చూడరు. చేతులు చూస్తారు. చేతులు శుభ్రంగా పెట్టుకోండి." అది నా సొంత సిద్ధాంతం. దాని మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఏం సైజు?

కొండాపురం అవతలి పల్లెలో నారాయణమ్మ అనే ఆమె ఉండేది. భూములూ పాడీ పంటా ఉన్న ఇల్లు. ఒక్కతే కూతురు, సుగుణ. రాజుపాలెం దిక్కున అంతే పెద్ద ఇంటికి ఇచ్చారు. పెండ్లయిన కొత్తలోనే ఆ రెండిళ్ళకూ కొండాపురం వైపు ఒక చేను మీద తగవు వచ్చింది. సుగుణ మామను చంపారు. దానికి బదులుగా నారాయణమ్మ మరిదిని చంపారు. అప్పటి నుంచి సుగుణ పుట్టింటి గడప తొక్కలేదు, తల్లి కూతురి ఊరి పొలిమేర దాటలేదు. అత్తింట్లో పెత్తనమంతా సుగుణ బావ, అంటే మొగుడి అన్న, కేశవులుది. ఆ పేరు చెబితే మా వీధిలో టీ గ్లాసులు కూడా చప్పుడు చేసేవి కావు.

కూతురు గురువారం వచ్చేది. తల్లి శనివారం వచ్చేది. శనివారం నారాయణమ్మ గాజుల బల్ల ముందు కూర్చుని, ఏ పిన్నో రిబ్బనో బేరం చేస్తున్నట్టు చేసి, గొంతు తగ్గించి అడిగేది.

"మొన్న నా బిడ్డొచ్చిందా ఖాసింబీ?"

"వచ్చిందమ్మా."

"ఏం సైజు పోయింది?"

"రెండు నాలుగు. అదే సైజు. చెయ్యి నిమ్మళంగా ఉంది."

అంతే. ఆ మాట విని లేచేది. రెండు నాలుగు అంటే బిడ్డ తింటోంది, చిక్కిపోలేదు. ఒకసారి రెండు రెండుకు దిగిందని చెబితే ఆ వారమంతా ఆమె నిద్రపోలేదట. తల్లికి కూతురి క్షేమం తెలిసే దారి ఆ గాజు కొలత ఒక్కటే.

ఒక శనివారం ఖాసింబీ నవ్వుతూ చెప్పింది. "రెండు ఆరు గూడా పట్టడం ల్యా అమ్మా. చేతులు నీరు పట్టినాయి. పచ్చ గాజులు అడిగింది."

నారాయణమ్మకు వెంటనే తెలిసిపోయింది. బిడ్డ కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. అక్కడే స్టూలు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా వైపు తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. దానికి ముందు తల్లి తన చేత్తో రెండు చేతులకూ గాజులు తొడగాలి. కానుపు పుట్టింట్లో జరగదని ఆమె ఎప్పుడో మనసు రాయి చేసుకుంది. గాజుల దగ్గర మాత్రం ఆమె మనసు ఆగలేదు.

"నా చేత్తో నాలుగు గాజులు తొడక్కుండానే పోతాదా సారూ నా బిడ్డ కానుపుకు? ఏమన్నా అయితే? ఒక్క తూరి ఆ చెయ్యి పట్టుకోనీ. నీ కాళ్ళు మొక్కుతా."

నేను కుదరదన్నాను. శెట్టి అంగడి, అందులో పనిచేసే ఆడవాళ్ళు, నా భార్యాబిడ్డలు, వీటన్నిటికంటే ఆ గాజులు పెద్దవని నాకు అనిపించలేదు. కేశవులు మనుషులకు తెలిస్తే ముందు పోయేది ఆ తల్లి ప్రాణం, తర్వాత మా అంగడి. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే ఇప్పుడూ కుదరదనే అంటాను.

ఖాసింబీ నన్ను పక్కకు పిలిచింది. "సారూ, నిన్ను అడగడమే తప్పయిపాయ. ఆమెకు నా చీర కడతా. నా స్టూలు మీద కూచోబెడతా. నువ్వు గమ్మునుండు."

"తిక్క పట్టిందా నీకు? పెద్దింటామె. మన యూనిఫారం కడతాదా?"

నారాయణమ్మ అప్పటికే చెయ్యి చాపింది. "ఇటియ్ సారూ. కడతా."

నేను ఒప్పుకోవడానికి కారణం జాలి కాదు. నా సిద్ధాంతం. కౌంటరు వెనక మనిషి మొహం ఎవరూ చూడరని నాకు అంత నమ్మకం.

గురువారం

ఆమె పొద్దున్నే బస్సులో వచ్చింది. స్టాకు గదిలో చీర మార్చుకుంది. ముక్కుపుడక తీసి కొంగున ముడివేసుకుంది. ఖాసింబీ ఆమె జుట్టు బిగించి ముడి చుట్టి, తన స్టూలు మీద కూర్చోబెట్టి, గాజులు అందించేదానిలా పక్కన నిలబడింది. సుగుణకు ముందుగా ఏమీ చెప్పలేదు. చెబితే మొహంలో బయటపడుతుందని ఖాసింబీ భయం.

జీపు వచ్చే లోపల ఇంకో కారు వచ్చింది. మా శెట్టిది. ప్రొద్దుటూరు నుంచి చెప్పాపెట్టకుండా దిగడం ఆయనకు అలవాటు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, "ఏం ఆశీర్వాదం, మొహం అట్ల పెట్టినావు, జొరమా?" అన్నాడు. నేను తల ఊపాను. అబద్ధం కూడా కాదు, ఒళ్ళు కాలుతున్నట్టే ఉంది.

సుగుణ లోపలికి వచ్చింది. మొగవాళ్ళు బయట ఆగారు. ఆమె బల్ల ముందు కూర్చుని, చెయ్యి దిండు మీద పెట్టి, పక్కనున్న రాళ్ళ గాజులు చూస్తోంది. నారాయణమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు తెలిసింది కాబోలు, సుగుణ గబుక్కున తల ఎత్తింది.

"చెయ్యి వదులుగా పెట్టమ్మా, బిగబట్టొద్దు" అంది ఖాసింబీ, అంగడంతా వినపడేలా.

సుగుణ తల దించేసుకుంది. తల్లీ కూతుళ్ళు ఒక్క మాట మాట్లాడుకోలేదు. నారాయణమ్మ ఆ చేతిని పిసికి, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక్కో పచ్చగాజూ ఎక్కిస్తోంది. ఆమెకేం తెలుసు ఆ పని? నీరు పట్టిన చెయ్యి, అలవాటు లేని వేళ్ళు. అవతలి కౌంటర్లో గిరాకీ రెండుసార్లు మారింది, ఇక్కడ ఒక చెయ్యి కూడా పూర్తి కాలేదు. అప్పుడు ఒక గాజు పుటుక్కుమంది. సుగుణ "అమ్మా!" అంది. మణికట్టు మీద నెత్తురు.

దెబ్బ తగిలితే అందరూ అమ్మా అనే అంటారు. నేను మాత్రం వాకిలి వైపు చూశాను.

"ఏంది ఇంతసేపు?" వాకిట్లో కేశవులు. వెనక ఇద్దరు మనుషులు. మర్యాద పక్కనపెట్టి నేరుగా గాజుల బల్ల దగ్గరికి వచ్చేశాడు. నెత్తురు చూశాడు. బల్ల వెనక వంకాయ రంగు చీరను చూశాడు. ఒక్క క్షణం ఆగి, అరిచాడు.

"ఏందమ్మే ఇది! పని రానిదాన్ని యాడ్నుంచి పట్టుకొచ్చినారప్పా! కడుపుతో ఉండే ఆడమనిషి చెయ్యి కోస్తారా?" వెనక్కు తిరిగి తన మనుషుల మీద కూడా విరుచుకుపడ్డాడు. "మీరేందిరా, ఆడోళ్ళ బల్లకాడ గుడ్లప్పగించి చూస్తాండారు? పోయి జీపు తిప్పుకోండి పోండి!" వాళ్ళు పోయారు. అప్పుడు శెట్టి వైపు తిరిగాడు. "శెట్టీ, ఈమెని ఈ పొద్దే ఎగనూకు. మళ్ళా ఈ బల్లకాడ కనపడకూడదు."

శెట్టి పంచె సర్దుకుంటూ పరిగెత్తాడు. "తప్పయిపాయ నాయనా, కొత్త మనిషి." కొత్తో పాతో ఆయనకేం తెలుసు! నారాయణమ్మ మీద పడ్డాడు. "ఏమ్మా, ఎవురు చేర్చుకున్యారు నిన్ను? రేపట్నుంచి రావద్దు. ఆ చీర ఈడనే అప్పజెప్పి పో!"

నేను గోడగడియారాల కింద నిలబడి ఉన్నాను. నారాయణమ్మ తల ఎత్తలేదు.

"అట్లనే సారూ. రెండో చేతికి గూడా తొడిగేసి పోతా. ఒక చేతికే తొడిగి లేస్తే కడుపుతో ఉండే బిడ్డకు మంచిది కాదు."

శెట్టి బిక్కమొహం వేసుకుని కేశవులు వైపు చూశాడు. కేశవులు మా గడియారాలను చూస్తున్నాడు.

"కానియ్. బిన్నా కానియ్, పొద్దు పోతాంది" అన్నాడు. పోయి వాకిట్లో నిలబడ్డాడు, మాకు వీపు పెట్టి. భారీ మనిషి. వాకిలంతా నిండిపోయింది.

రెండో చేతికి ఒక్క గాజు కూడా పగల్లేదు. నారాయణమ్మ కొంగు చివరతో కూతురి మణికట్టు మీద నెత్తురు తుడిచింది. తొడిగించుకున్నాక గాజులు కళ్ళకద్దుకుని బల్లకు దండం పెట్టడం మా వైపు అలవాటు. సుగుణ వంగి బల్లకు దండం పెట్టింది. పెట్టేటప్పుడు నుదురు తల్లి చేతికి ఆనించి, అలాగే ఉండిపోయింది. ఖాసింబీ భుజం తట్టి లేపింది.

జీపు పోయింది. నారాయణమ్మ స్టాకు గదిలోకి పోయి బొమ్మల పెట్టెల మధ్య కూర్చుని బావురుమంది. నేనూ ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

శెట్టి సంగతి

ఆ మధ్యాహ్నం శెట్టికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన బకెట్ల కట్ట మీద కూలబడ్డాడు.

"నేను ఉద్యోగంలోంచి తీసేసింది ఎవుర్ని?"

మళ్ళీ చెప్పాను. నీళ్ళు తాగాడు. తర్వాత నన్ను తిట్టాల్సినంతా తిట్టాడు. వంశం దాకా పోలేదు గానీ దాని గుమ్మం దాకా పోయాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అన్నాడు. "మన మనిషి కాదని నాకు తెలీలేదు చూడబ్బా. మన గాజుల బల్లకాడ ఉండేవాళ్ళల్లో ఖాసింబీది తప్ప ఒక్కరి పేరూ నాకు తెలీదు."

ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ముందు ప్రతి కౌంటరు దగ్గరికీ పోయి పేరు అడిగేవాడు. మళ్ళీ మరిచిపోయేవాడు. మళ్ళీ అడిగేవాడు. ఓనర్లలో నేను చూసిన మంచి గుణాల్లో అదొకటి. ఎక్కువ చూడలేదు కూడా.

సుగుణకు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ కూతుళ్ళు మళ్ళీ అంగట్లో కలవలేదు. కలపమని వాళ్ళూ అడగలేదు, నేనూ అడగనివ్వలేదు. శనివారం ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. "నా బిడ్డ ఏం సైజు పోయింది?" తర్వాత ఇంకొకటి కలిసింది. "పిల్లది?" ఆ పసిచేతి గాజులు ఒక్కో సైజు పెరిగి పెద్దమనిషి గాజులయ్యేదాకా నారాయణమ్మ మనవరాలిని చూడలేదు. సైజులు వింటూ వచ్చింది.

నేను మాత్రం పేర్లు చెప్పకుండా ఆ కథను మూడంగళ్ళలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చెప్పేవాణ్ణి. చూశారా, పగవాడే ఎదురుగా వచ్చి నిలబడినా కౌంటరు వెనక మొహం చూడలేదు, శెట్టీ చూడలేదు. నా సిద్ధాంతానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నీళ్ళు వచ్చాక

కాలం మారింది. గండికోట జలాశయం నిండి కొండాపురం వైపు పల్లెలు నీళ్ళలోకి పోయాయి. నారాయణమ్మ ఊరు పోయింది. ఏ చేను కోసం రెండిళ్ళలో మనుషులు చచ్చారో ఆ చేను కూడా నీళ్ళ కిందికే పోయింది. కొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. నారాయణమ్మ కొత్త కాలనీలో ఒక సిమెంటు ఇంట్లో ఉండేది. కూతురు అక్కడికి రావడం, పోవడం మొదలైంది.

మా అంగళ్ళ సంగతీ అంతే. పులివెందులది మూతపడింది. ప్రొద్దుటూరుది శెట్టి పోయాక కొడుకులు సెల్‌ఫోన్ల షాపు చేశారు. జమ్మలమడుగుది ఒక్కటే మిగిలింది, నేను పనిలోంచి దిగిపోయే సంవత్సరం అది. ఖాసింబీ ముసలిదైనా స్టూలు కోడలికి వదల్లేదు.

ఒకరోజు రెండిళ్ళ వాళ్ళూ కలిసి వచ్చారు, సుగుణ కూతురి పెండ్లి గాజులకు. గురువారమూ కాదు, శనివారమూ కాదు. అలవాటు కొద్దీ నేను వీధి మలుపు చూశాను. ఎవరూ లేరు. కేశవులు కర్ర పట్టుకుని లోపలికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పెండ్లికూతురు చెయ్యి దిండు మీద పెట్టింది. నారాయణమ్మకు పట్టరాని సంబరం. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఖాసింబీ భుజం మీద చెయ్యి వేసింది.

"జరుగు ఖాసింబీ. నా మనవరాలికి నేనే తొడుగుతా."

కుర్చీలోంచి కేశవులు అన్నాడు. "వద్దత్తా. ఈ తూరి ఖాసింబీని తొడగనీ. నీకు చేత కాదు. పోయిన తూరి చూసినా గదా."

సుగుణ చేతిలోని గాజుల కట్ట బల్ల మీద పెట్టేసింది. నారాయణమ్మ ఖాసింబీ భుజం మీంచి చెయ్యి తీసేసి కుర్చీ వైపు తిరిగింది.

"నీకు తెలుసా నాయనా?"

"మా తమ్మునికి పిల్లనడగను మీ ఇంటికొచ్చినప్పుడు నాకు అన్నం వడ్డించిన చెయ్యి అది. తెలీకుండా యాడికి పోతాది?" అన్నాడు. ఆ తర్వాత మా గడియారాల వైపు తిరిగిపోయాడు.

కేశవులు మంచివాడని నేను రాయడం లేదు. ఆయన చేసినవీ, చేయించినవీ మా వైపు అందరికీ తెలుసు. ఆ పొద్దు ఎందుకు అరిచాడో, తన మనుషులను ఎందుకు తరిమాడో, వాకిలికి అడ్డంగా ఎందుకు నిలబడ్డాడో ఇరవై ఏళ్ళ తర్వాత నాకు అర్థమైంది. తన అంగట్లో ఎవరు పనిచేస్తారో శెట్టికి తెలియలేదు. కౌంటరు వెనకున్న మనిషిని గుర్తుపట్టింది పగవాడు. నేను గడియారాల కింద నిలబడి అంతా చూశాననుకున్నాను.

కాబట్టి అమ్మాయీ, నేను అంతమందికి నేర్పిన పాఠం తప్పు. కౌంటరు వెనక నిలబడిన మనిషిని చూసేవాళ్ళు ఉంటారు. పైకి చెప్పరు, అంతే. నువ్వు నవ్వినా నవ్వకపోయినా నాకు పట్టింపు లేదు.

నారాయణమ్మ ఆ రోజు స్టూలు మీద కూర్చోలేదు. బల్లకు ఇవతలికి వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏం సైజు ఖాసింబీ?" అని అడిగింది. మనవరాలి చెయ్యి అప్పటికే ఆమె ఒళ్ళో ఉంది.